నువ్వు రాకపోతే అడిగే చోటు

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది కావలి, బాప్టిస్టు సంఘం. చెన్నైలో జీఎస్టీ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సెకండియర్ చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. ఊళ్లో ఉండగా సండే స్కూలు, క్వయరు, యూత్ మీటింగ్ అన్నిట్లో ఉండేదాన్ని. ఇక్కడికొచ్చాక అంతా పోయింది. సిటీలో ఒక పెద్ద ఇంగ్లీషు చర్చికి కొన్నాళ్లు వెళ్లాను, ఒక్కరూ పలకరించలేదు. హాస్టల్ దగ్గర్లో ఒక చర్చి ఉంది కానీ అంతా తమిళం. ఇప్పుడు ఆదివారం ఫోన్లో మా సంఘం లైవ్ పెట్టుకుని మంచం మీదే కూర్చుంటున్నాను. ఈమధ్య ఒక సీనియర్ అన్న నడిపే ప్రేయర్ సెల్‌కి పిలిచారు. అందరూ ప్రేమగా ఉంటారు. కానీ పాకెట్ మనీలో దశమభాగం ఆ అన్న నంబరుకే పంపాలంటారు, హిందూ రూమ్మేట్లతో ఎక్కువ తిరగొద్దంటారు, సెల్ విషయాలు ఇంట్లో చెప్పొద్దంటారు. అమ్మేమో ‘మన సంఘం కాకపోతే ఎక్కడికీ వెళ్లొద్దు’ అంటుంది. నేనేం చెయ్యాలి?

సమాధానం: చెల్లీ, వందనాలు.

ముందు ఆ ప్రేయర్ సెల్ సంగతి తేల్చేద్దాం. మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు, ఇది ఆగేది కాదు.

ఇంట్లో చెప్పొద్దన్న ఆ ఒక్క మాట చాలు నాకు. కాలేజీ పిల్లని తల్లి దగ్గర దాచమని చెప్పే ప్రార్థన కూడికలో ఏదో తేడా ఉంది. అక్కడికొచ్చే పిల్లలంతా చెడ్డవాళ్లని అనడం లేదు. వాళ్లలో చాలామంది నీలాగే ఊరొదిలి వచ్చి, ఆదివారం ఏం చెయ్యాలో తోచక అక్కడ చేరినవాళ్లే అయ్యుంటారు. వాళ్ల ప్రేమ కూడా నిజమే కావచ్చు. నా అనుమానమంతా నడిపే మనిషి మీద. ఆ అన్న ఆదివారం ఏ సంఘంలో కూర్చుంటాడు, అక్కడి పాస్టరుగారెవరు, మీరు పంపే డబ్బు లెక్క ఎవరికి చూపిస్తాడు? నలుగురిలో ఉన్నప్పుడు మామూలుగా అడిగి చూడు. దాచేదేమీ లేనివాడైతే అక్కడికక్కడే చెప్తాడు, ‘ఈ ఆదివారం నువ్వూ రా’ అని కూడా అంటాడు. ‘అనుమానం సాతాను పెడతాడు, నీ ఆత్మీయ స్థితి బాలేదు’ అని నీ మీదకే తిప్పాడంటే ఇంక అక్కడ కూర్చోకు.

ఇంకో పని కూడా చెయ్యొచ్చు. ఇంటర్నల్స్ ఉన్నాయి, రెండు వారాలు రానని చెప్పు. ‘బాగా రాయి, ప్రార్థన చేస్తాం’ అన్నారా, సరే. రోజూ ఫోన్లు, రూముకి మనుషుల్ని పంపడం, దేవుని పనికి వెనకడుగు వేశావని మెసేజీలు మొదలయ్యాయా, అప్పుడు నీకే అర్థమవుతుంది. రాకపోతే బాగున్నావా అని అడగడం వేరు, రాకుండా ఉండనివ్వకపోవడం వేరు. నువ్వు రాయలేదు కానీ చెప్పి ఉంచుతున్నాను: నీ పెళ్లి గురించి దర్శనం వచ్చిందని ఎవరైనా అన్నా, నీతో ఒంటరిగా ప్రార్థన చెయ్యాలని ఏ అన్నైనా పిలిచినా, మర్యాద కోసం కూడా వెళ్లకు.

దశమభాగం సంగతికొస్తే, నీ పాకెట్ మనీ మీ అమ్మానాన్నల సంపాదన. అందులోంచి వాళ్లు మీ సంఘంలో ఇవ్వాల్సింది ఇచ్చే ఉంటారు. నీకు ఇవ్వాలనిపిస్తే వెళ్లిన చర్చిలో కానుక సంచీలో వెయ్యి, పది రూపాయలైనా సరే. ఒక మనిషి సొంత నంబరుకి మాత్రం పంపకు.

ఇప్పుడు అసలు విషయం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు వెతుకుతున్నది మంచి ప్రసంగం కాదు, మంచి పాటలూ కాదు. అవి ఫోన్లోనే బోలెడున్నాయి. కావలిలో ఒక ఆదివారం నువ్వు కనబడకపోతే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు మీ గుమ్మంలో నిలబడి ‘పిల్లకి ఒంట్లో బాలేదా?’ అని అడిగేవాళ్లు కదా, నీకు కావలసింది అది. దాన్నిబట్టి వెతికితే చెన్నైలో నీకు పనికొచ్చేవేవో పనికిరానివేవో తొందరగానే తేలిపోతాయి.

ఆ పెద్ద ఇంగ్లీషు చర్చిలో ఎవరూ పలకరించలేదంటే అది పొగరు అనుకోకు. అలాంటి చోట ఒక ఆరాధన అయ్యీ అవకముందే రెండో ఆరాధనకి జనం గేటు దగ్గర నిలబడి ఉంటారు. నీ పక్కన కూర్చున్నావిడకి నువ్వు కొత్తదానివో, పదేళ్లుగా వస్తున్నదానివో తెలిసే దారి లేదు. బహుశా ఆవిడా నీలాంటి కొత్తమనిషే అయ్యుంటుంది! అక్కడ పరిచయాలు జరిగేది ఆదివారం కాదు, మధ్యవారంలో ఇళ్లల్లో పెట్టుకునే చిన్న కూడికల్లో. నువ్వేమో ఊరి చివర జీఎస్టీ రోడ్డు మీద ఉన్నావు. బుధవారం సాయంత్రం సిటీలోకి వెళ్లి హాస్టల్ గేటు మూసేలోగా తిరిగి రావడం అయ్యే పని కాదు. ఆదివారం లోకల్ ట్రైన్లు మామూలు రోజుల కంటే తక్కువ. పొత్తేరిలోనో గూడువాంచేరిలోనో ఎక్కితే ఎగ్మోర్‌కే గంట దాకా పడుతుంది. అంత దూరం వెళ్లి ఎవరికీ తెలియని మనిషిలా కూర్చుని రావడం నీకు అక్కర్లేదు. ఎప్పుడైనా బుద్ధి పుట్టినప్పుడు వెళ్లు, బాగుంటుంది. నీ సంఘం మాత్రం అది కాదు.

నన్నడిగితే నువ్వు తోసేసిన ఆ తమిళ చర్చే నీకు సరైంది అంటాను. నడిచి వెళ్లొచ్చు, వార్డెన్‌కి కారణం చెప్పడం తేలిక, ఉదయం వెళ్లి మెస్సులో ఆదివారం చికెన్ అయిపోయేలోగా వచ్చెయ్యొచ్చు. (నవ్వకు. హాస్టల్ పిల్లలు చర్చి మానేసే కారణాల్లో దీనిదీ పెద్ద చెయ్యే.)

భాష భయం నాకు తెలుసు. మొదటి నెల ప్రసంగం సగం కూడా ఎక్కదు. చెప్పే అధ్యాయం నంబరు పట్టుకుని నీ తెలుగు బైబిల్లో చదువుకుంటూ కూర్చో. ‘స్తోత్రం’ మీకూ వాళ్లకీ ఒకటే. పాటల దగ్గరైతే నీకే ఆశ్చర్యమేస్తుంది. మనం కావలిలో పాడుకునే కొత్త పాటలు ఎన్నో తమిళంలోంచి వచ్చినవే, ట్యూను వినగానే నోరు దానంతటదే కదులుతుంది. ఎలాగూ ఈ ఊళ్లో ఇంకా రెండేళ్లకి పైగా ఉండాలి. బస్ కండక్టరు దగ్గర నేర్చుకునే తమిళం కంటే చర్చిలో ఆంటీల దగ్గర నేర్చుకునేది బాగుంటుంది.

అయితే వెళ్లే పద్ధతి మార్చాలి. నువ్వు రాయకపోయినా నేను ఊహించగలను: ఆరాధన మొదలయ్యాక వెనక వరసలో కూర్చుని, ఆశీర్వాదం అవగానే చెప్పులు వెతుక్కుని వచ్చేసి ఉంటావు. ఈసారి అరగంట ముందే వెళ్లు. చిన్న చర్చిలో ఆ అరగంటే అసలు సమయం. ఒకాయన దొంతర పెట్టిన ప్లాస్టిక్ కుర్చీలు విడదీసి వేస్తుంటాడు, ఒకటి రెండు కుర్చీలు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుని ఎంతకీ ఊడిరావు. కీబోర్డు కుర్రాడు వైరు ఎక్కడ లూజుగా ఉందో వెతుకుతూ ‘చెక్, చెక్’ అంటుంటాడు. ఒక పెద్దావిడ బల్ల మీద గుడ్డ సరిచేసి, మళ్లీ వెనక్కొచ్చి చూసి, మళ్లీ సరిచేస్తుంది. అప్పుడు వెళ్లి కుర్చీ ఇంకో కొస పట్టుకున్నావనుకో, ఇంక నిన్ను ఎవరూ పలకరించకుండా ఉండలేరు. ‘ఎంద ఊరు మా?’ (ఏ ఊరమ్మా?) అని అడుగుతారు. కావలి అంటే తెలియకపోవచ్చు, నెల్లూరు అను.

రెండు మూడు వారాలయ్యాక పాస్టరుగారినో, పాస్టరమ్మగారినో కలిసి ఏదైనా పని అడుగు. సండే స్కూలు నువ్వు చేసిందే. ఈ శివారు చర్చిల్లో పిల్లలు చాలామంది ఇంగ్లీషు మీడియం వాళ్లు కాబట్టి భాష అంత అడ్డు రాదు. క్వయరైతే తమిళం పాటని తెలుగులోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసుకో. పని ఉన్న మనిషి రాకపోతే ఖాళీ కనిపిస్తుంది, ఎందుకు రాలేదని అడుగుతారు. ఊరికే వచ్చి కూర్చునే మనిషి గురించి ఆ ఆరా తీయడానికి నెలలు పడుతుంది.

ఒక సెమిస్టరు అక్కడే ఉండి చూడు. ఈ ఆదివారం ఒక చర్చి, వచ్చే ఆదివారం ఇంకో చర్చి అని పెళ్లిచూపుల్లా తిరుగుతూ ఉంటే లోపాలే కనబడతాయి కానీ మనుషులు దగ్గరవరు. సెమిస్టరు గడిచినా మనసు కుదరకపోతే అప్పుడు మారు, తప్పేం లేదు.

తెలుగు వినాలని ప్రాణం కొట్టుకుంటుందని రాయకపోయినా తెలుస్తూనే ఉంది, లేకపోతే ఆ లైవ్ ఎందుకు పెట్టుకుంటావు. దానికి నెలకోసారి ఉత్తర చెన్నై వెళ్లు. పెరంబూరు, వ్యాసర్పాడి, రాయపురం వైపు తరాల కిందట నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి పనులకొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి, వాళ్లకి తెలుగు ఆరాధనలూ ఉన్నాయి. పార్క్ స్టేషన్లో దిగి, రోడ్డు దాటి సెంట్రల్ పక్కనున్న లోకల్ స్టేషన్లో అరక్కోణం వైపు వెళ్లే ట్రైనెక్కితే వ్యాసర్పాడి జీవా, పెరంబూరు వస్తాయి. రానూ పోనూ సగం రోజు పోతుంది కాబట్టే ప్రతివారం వద్దంటున్నాను. మొదటిసారి ఇంకో అమ్మాయిని తోడు తీసుకెళ్లు. అక్కడి తెలుగు నీ చెవికి కొంచెం వింతగా ఉంటుంది, మాట మధ్యలో తమిళం దూరుతుంది. కానీ పాత కీర్తనలు వాళ్లు పాడినట్టు కాలేజీ పిల్లలు పాడలేరు. పుస్తకం చూడకుండా అన్ని చరణాలూ పాడతారు. నెల్లూరు బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టిన శామ్యూల్ డే కూడా 1840లో నెల్లూరు చేరకముందు మద్రాసులోనే తెలుగువాళ్ల మధ్య పనిచేశాడు. మీ సంఘం కథలో ఈ ఊరికీ చోటుందని అమ్మకి చెప్పు, కొంచెం మెత్తబడుతుంది.

ఇక నీ వయసు వాళ్లు కావాలి. అది న్యాయమే. చర్చిలో అందరూ ఆంటీలూ అంకుళ్లూ ఉంటే పరీక్ష పోయిన బాధ ఎవరికి చెప్పుకుంటావు! ఇంట్లో అడుగు, యు.ఇ.ఎస్.ఐ. (యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) అంటే మీ బంధువుల్లో ఎవరో ఒకరికి తెలిసే ఉంటుంది. 1954లో మొదలైన విద్యార్థి సహవాసం, దాని జాతీయ కార్యాలయం చెన్నైలోనే ఉంది. ఒక్కో కాలేజీ దగ్గర విద్యార్థులే నడుపుకునే చిన్న గుంపుని ఇ.యు. అంటారు. వారానికోసారి కలిసి బైబిలు చదువుకుంటారు, చదువైపోయి ఉద్యోగాల్లో ఉన్న కుటుంబాలు ఇళ్లకి పిలిచి అన్నం పెడతాయి. అది చర్చికి బదులు కాదని వాళ్లే చెప్తారు, ఏదో ఒక స్థానిక సంఘంలో ఉండమంటారు. నాకు వాళ్లలో నచ్చేది అదే. ఆ ప్రేయర్ సెల్‌కీ దీనికీ తేడా కూడా అక్కడే ఉంది. కుల వివక్ష, సమాజం, రాజకీయం లాంటివి విశ్వాసంతో కలిపి మాట్లాడుకోవాలనుకుంటే ఎస్.సి.ఎం. (స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్) ఉంది, 1912 నాటిది, కేంద్రం బెంగళూరులో. మీ క్యాంపస్‌కి దగ్గర్లో ఏది జరుగుతోందో కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కో, గోడమీద పోస్టర్లు చూసి వెళ్లకు. హాస్టల్ గదిలో కూడికలు పెట్టడానికి కాలేజీ ఒప్పుకోకపోతే వార్డెన్‌తో గొడవకి దిగకండి. బయట ఎవరో ఒకరి ఇంట్లో కలుసుకోండి.

అమ్మ మాటకొద్దాం. ఆవిడ భయం అర్థం చేసుకో. పెద్ద ఊళ్లో పిల్ల ఎవరి చేతుల్లో పడుతుందో అన్న భయమే ‘మన సంఘం’ అన్న మాటగా బయటికొస్తోంది. నువ్వు రాసిన ఆ సెల్ చూశాక ఆ భయం ఉత్తదని నేనెలా అనను? కాకపోతే చెన్నైలో పేట పేటకీ తెలుగు బాప్టిస్టు సంఘం ఉండదు. హాస్టల్ పక్కనున్నది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యుండొచ్చు. 1947 సెప్టెంబరు 27న ఇదే ఊళ్లో సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం అది. మన బాప్టిస్టులు అందులో చేరలేదు. వాళ్లు పసిపిల్లలకి బాప్తిస్మం ఇస్తారు, మనవాళ్లు నమ్మి ఒప్పుకున్న మనిషిని నీళ్లలో ముంచి ఇస్తారు. ఈ తేడా చిన్నది అని నేను చెప్పను, అమ్మ కూడా ఒప్పుకోదు. కానీ అక్కడికెళ్లి ఆరాధించడానికి, పిల్లలకి కథ చెప్పడానికి నీ బాప్తిస్మం మార్చుకోనక్కర్లేదు, సభ్యత్వం మార్చుకోనక్కర్లేదు. ప్రభు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునేటప్పుడు, వాళ్ల పద్ధతేంటో పాస్టరుగారిని ముందే అడుగు.

అది కాక దగ్గర్లో భక్త్ సింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సహవాసం వాళ్లున్నా వెళ్లి చూడు. ఆయన పని సంఘంగా మొదలైంది కూడా మద్రాసులోనే, 1941లో, యెహోవా షమ్మా అనే చోట. ఆరాధన చాలాసేపు సాగుతుంది, ఓపిక ఉండాలి. అయ్యాక అందరూ కలిసి కూర్చుని భోంచేసే అలవాటుంది కాబట్టి మెస్సు పోయిందన్న బెంగ ఉండదు.

ఎక్కడ కుదురుకున్నా ఒక పని మర్చిపోకు. ఈసారి ఇంటికెళ్లినప్పుడు మీ పాస్టరుగారి దగ్గర పరిచయ పత్రం రాయించుకో. ఫలానా అమ్మాయి మా సంఘ సభ్యురాలు, చదువు కోసం వచ్చింది, చూసుకోండి అని నాలుగు ముక్కలు, సంఘం ముద్ర. పాతకాలం పద్ధతి అనుకోకు. రోమా పత్రిక చివరి అధ్యాయం తెరిచి చూడు, పౌలు మొదట చేసిన పని ఫీబేని అక్కడి సంఘానికి పరిచయం చేసి, ఆమెకి కావలసిన సాయం చెయ్యండని అడగడం. ఆ కాగితం చూడగానే ఇక్కడి పాస్టరుగారికి నీ బాధ్యత తన మీద పడిందని తెలుస్తుంది. కావలి నుంచి ఒక ఫోన్ కాల్ కూడా వస్తుంది చూడు.

లైవ్ మానెయ్యమనను. ఒంట్లో బాగోనప్పుడు, అమ్మ ప్రత్యేక కూడికలో పాట పాడుతున్నప్పుడు పెట్టుకో. కానీ ప్రతి ఆదివారం దాంతో సరిపెట్టుకుంటే నువ్వు చూశావో లేదో అక్కడెవరికీ తెలియదు.

రూమ్మేట్లని వదులుకోకు. జ్వరమొస్తే రాత్రి పూట మాత్ర తెచ్చిచ్చేది వాళ్లే. డిసెంబరులో నువ్వు వెళ్లే చర్చిలో సెమీ క్రిస్మస్ (పండగకి ముందే జరుపుకునే క్రిస్మస్ కూడిక) పెడితే, పరీక్షలు అడ్డు రాకపోతే, కేకు తినడానికైనా వాళ్లని పిలువు. రమ్మని బలవంతం చెయ్యకు, ప్రసంగాలు చెయ్యకు.

అమ్మకి ఇవన్నీ ఫోన్లో చెప్పి ఒప్పించడం కష్టం. కుర్చీలు వేసే ఆ అంకుల్, పాస్టరమ్మగారు నీకు కాస్త అలవాటయ్యాక ఒక శనివారం ఆవిడని రమ్మను. కావలిలో పొద్దున్న పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికల్లా సెంట్రల్‌లో దిగుతుంది. ఆదివారం నీతో తీసుకెళ్లు. నువ్వు అడగడానికి మొహమాటపడినవన్నీ, సంఘానికి పెద్దలెవరు, కానుకల లెక్క ఎవరు రాస్తారు, సాయంత్రం మీటింగులకి ఆడపిల్లల్ని హాస్టల్ దాకా ఎవరు దింపుతారు, అన్నీ తమిళం ముక్క రాకపోయినా ఆవిడే అడిగేస్తుంది.